నెలలు నిండని పాపకు పీడీఏ: మందు ఆపి వేచి చూడటం నిర్లక్ష్యమా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కడప జిల్లా. నేను కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాను. నా భార్యకు బీపీ బాగా పెరగడంతో 27 వారాలకే ఆపరేషన్ చేసి పాపను బయటకు తీశారు. పుట్టినప్పుడు పాప బరువు 940 గ్రాములు. నాలుగో రోజు ఎకో (గుండె స్కానింగ్) తీసి, గుండె దగ్గర రక్తనాళం మూసుకోలేదని, దాన్ని పీడీఏ అంటారని చెప్పి, మూడు రోజులు పారాసిటమాల్ ఇంజెక్షన్ ఇచ్చారు. మళ్ళీ ఎకో తీస్తే నాళం సన్నబడింది గానీ పూర్తిగా మూసుకోలేదట. ఇప్పుడు పాపకు పది రోజులు. ఇక మందు ఇవ్వం, వారం రోజులు చూద్దాం అంటున్నారు. మా బంధువులేమో గుండెకు రంధ్రం ఉంటే జ్వరం మందు ఇవ్వడమేమిటి, సగంలో వదిలేయడమేమిటి, పెద్ద ఊరికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించండి అంటున్నారు. నా భార్య కడుపుతో ఉన్నప్పుడు తలనొప్పికి పారాసిటమాల్ బిళ్ళలు వేసుకోవడం వల్లే ఇలా అయిందని మా అమ్మ అంటోంది. రెండు ఎకో రిపోర్టులూ పంపుతున్నాను. దూరాన ఉన్నాను, నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: పాపను నేను పరీక్షించలేదు కాబట్టి ఆమె విషయంలో తుది నిర్ణయం అక్కడ దగ్గరుండి చూస్తున్న వైద్యులదే. అయితే మీరు పంపిన రెండు రిపోర్టులు చదివిన తర్వాత, వారు మందు ఆపి వేచి చూడటం నిర్లక్ష్యం కాదని, అది ఆలోచించి తీసుకున్న నిర్ణయమని నాకు నమ్మకంగా అనిపిస్తోంది. ఎందుకలా అనిపిస్తోందో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియని ఓదార్పు మీకు నిద్ర పట్టించదు.

మీ బంధువులు అనుకుంటున్నట్లు ఇది గుండె గోడలో ఉన్న రంధ్రం కాదు. గుండె నుంచి శరీరానికి మంచి రక్తాన్ని తీసుకుపోయే బృహద్ధమనికీ, ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకుపోయే ధమనికీ మధ్య, రెండు పెద్ద కాలువలను కలిపే పిల్లకాలువలాగా, ఒక చిన్న నాళం ఉంటుంది. దాని పేరు డక్టస్ ఆర్టీరియోసస్. పుట్టాక కూడా అది మూసుకోకుండా ఉండటాన్నే పీడీఏ అంటారు. తల్లి కడుపులో ఉన్న ప్రతి బిడ్డకూ అది ఉండి తీరాలి. కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు, ప్రాణవాయువు మాయ ద్వారా అందుతుంది, కనుక రక్తంలో ఎక్కువ భాగం ఊపిరితిత్తులలోకి పోకుండా ఈ అడ్డదారిన బృహద్ధమనిలోకి చేరుతుంది. బిడ్డ పుట్టి ఏడ్చి, ఊపిరితిత్తులు తెరుచుకుని, రక్తంలో ప్రాణవాయువు పెరగగానే ఆ నాళం గోడలోని కండరం బిగుసుకుంటుంది. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతులైన పిల్లలలో సాధారణంగా మూడు రోజుల లోపే దానిలో ప్రవాహం ఆగిపోతుంది, రెండు మూడు వారాలలో అది శాశ్వతంగా పూడిపోతుంది.

27 వారాలకే పుట్టిన పాపలో ఆ కండరం ఇంకా పలచగా ఉంటుంది. ప్రాణవాయువు పెరిగినా అది గట్టిగా బిగుసుకోదు. దానికి తోడు, నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనానికి ఆ వయసులో నాళం మరింత ఎక్కువగా స్పందిస్తుంది. పుట్టాక ఒత్తిళ్ళు తారుమారవుతాయి గనుక, ఒకప్పుడు ఊపిరితిత్తులను తప్పించి పోయిన రక్తం ఇప్పుడు వెనుదిరిగి బృహద్ధమని నుంచి ఊపిరితిత్తులలోకి పొర్లుతుంది. ఆ పొర్లు ఎక్కువైతే ఒకవైపు ఊపిరితిత్తులు తడిసి బరువెక్కుతాయి, వెంటిలేటర్ అవసరం పెరుగుతుంది. మరోవైపు పేగులకూ మూత్రపిండాలకూ అందవలసిన రక్తం తగ్గుతుంది. వైద్యులు భయపడేది నాళం తెరిచి ఉన్నందుకు కాదు, ఈ పొర్లు ఎంత ఉందన్న దానికి. ఈ తేడా మీ ప్రశ్న మొత్తానికీ కీలకం.

ఇక జ్వరం మందు సంగతి. 1973లో టొరంటోలోని పరిశోధకులు గొర్రెపిల్లల నాళాలపై చేసిన ప్రయోగాలలో ప్రోస్టాగ్లాండిన్ ఈ నాళాన్ని సడలిస్తుందని తేలింది. శరీరంలో ఆ రసాయనం తయారుకాకుండా ఆపితే నాళం ముడుచుకోవాలి కదా అన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. నొప్పులకూ వాపులకూ వాడే మందులు చేసే పని అదే. 1976లో అమెరికాలో రెండు వైద్య బృందాలు ఇండోమెథాసిన్ అనే నొప్పి మందుతో నెలలు నిండని శిశువులలో ఈ నాళం మూసుకుపోవడాన్ని చూపించాయి. అంతవరకు ఛాతీ కోసి నాళానికి ముడి వేయడం తప్ప వేరే దారి లేదు. ఆ తర్వాత ఐబూప్రోఫెన్ వచ్చింది. నాళాన్ని మూయడంలో అది ఇండోమెథాసిన్‌తో సమానంగా పనిచేస్తూ మూత్రపిండాలకు తక్కువ ఇబ్బంది కలిగిస్తుందని 2000లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. పారాసిటమాల్ వంతు 2011 తర్వాత వచ్చింది. ఐబూప్రోఫెన్ ఇవ్వడానికి వీలులేని ఐదుగురు పసికందులకు ఇజ్రాయెల్ వైద్యులు పారాసిటమాల్ ఇచ్చి చూడగా నాళం మూసుకుంది. అది కూడా ప్రోస్టాగ్లాండిన్ తయారీనే అడ్డుకుంటుంది, కాకపోతే వేరే చోట. అందువల్ల మీ పాపకు ఇచ్చింది జ్వరం కోసం ఇచ్చినది కాదు, ఆ నాళం కోసమే ఇచ్చినది.

ఏ మందు ఎవరికి అన్నది పిల్లల ఒంటి స్థితిని బట్టి ఉంటుంది. ఐబూప్రోఫెన్‌ను సాధారణంగా రోజుకు ఒకసారి చొప్పున మూడు రోజులు ఇస్తారు. మొదటి రోజు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, తర్వాతి రెండు రోజులు 5 చొప్పున. పాపకు మూత్రం సరిగా రాకపోయినా, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తంలో పెరిగినా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, ఎక్కడైనా రక్తస్రావం ఉన్నా, పేగులలో వాపు వచ్చిందన్న అనుమానం ఉన్నా ఆ మందు జోలికి పోరు. పారాసిటమాల్‌ను కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకొకసారి, మూడు నుంచి ఏడు రోజుల వరకు ఇస్తారు. మూత్రపిండాలపైనా పేగులపైనా దాని ప్రభావం తక్కువ, కాలేయ పరీక్షలు మాత్రం చూసుకుంటూ ఉండాలి. ఈ మందులలో ఏదైనా మొదటి విడతలో చాలామంది పిల్లలకు పనిచేస్తుంది, కానీ అందరికీ కాదు. ఎంత తక్కువ వారాలకు పుడితే మందుకు లొంగే అవకాశం అంత తగ్గుతుంది. మీ పాప నాళం సన్నబడింది గాని మూసుకోలేదంటే వైద్యం తప్పిందని అర్థం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు, ఎందుకంటే జ్వరం మందే కదా అని కొందరు ఇంటికి వచ్చాక తామే పట్టాలనుకుంటారు. మీ పాప బరువుకు ఒక మోతాదు దాదాపు 14 మిల్లీగ్రాములు. ఆసుపత్రిలో వాడే ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి అది 1.4 మిల్లీలీటర్లు అవుతుంది. దాన్ని సిరంజి పంపులో పెట్టి నిదానంగా ఎక్కిస్తారు. బజారులో దొరికే చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లు మళ్ళీ రెండు మూడు బలాలలో దొరుకుతాయి. ఒక సున్నా తేడా వస్తే చాలు, పాప కాలేయానికి ప్రమాదం. ఈ మందు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో), రక్త పరీక్షల నడుమ, వైద్యుల చేతుల మీదుగా మాత్రమే జరగాలి.

ఎకో తీయకుండా ఈ మందులు మొదలుపెట్టకూడదు అన్నది కూడా మీరు తెలుసుకోవాలి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఊపిరితిత్తుల ధమని మూసుకుపోయి గానీ, బృహద్ధమని ఇరుకై గానీ ఉంటుంది. అలాంటి వారికి ఈ నాళమే ప్రాణాధారం. అది మూసుకుపోతే బిడ్డ బతకదు కాబట్టి వారికి దాన్ని తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్‌నే సూది మందుగా ఎక్కిస్తారు. మీ పాపకు మొదటి ఎకోలో గుండె నిర్మాణం మామూలుగా ఉందని స్పష్టంగా రాశారు. మందు ఆ తర్వాతే మొదలుపెట్టారు. అది సరైన పద్ధతి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను: మూసుకోలేదు కదా, ఇంకో మందు ఎందుకు ఇవ్వరు?

చాలా ఏళ్ళపాటు వైద్యులు కూడా మీ బంధువులలాగే ఆలోచించారు. నాళం తెరిచి ఉన్న పిల్లలలో ఊపిరితిత్తుల జబ్బు, పేగుల జబ్బు, మరణాలు ఎక్కువగా కనిపించేవి, కనుక నాళాన్ని మూస్తే అవి తగ్గుతాయని అనుకోవడం సహజం. కానీ పరీక్షించి చూస్తే అలా జరగలేదు. 2001లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, కిలో కన్నా తక్కువ బరువుతో పుట్టిన పన్నెండు వందల మందిలో సగం మందికి ముందుజాగ్రత్తగా ఇండోమెథాసిన్ ఇచ్చారు. నాళం మూసుకుంది, మెదడులో తీవ్ర రక్తస్రావం తగ్గింది, అయినా ఏడాదిన్నర వయసుకు బతికి ఉండి ఎదుగుదల లోపాలు లేని పిల్లల సంఖ్య పెరగలేదు. 2023లో నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్‌ల నుంచి వచ్చిన పరిశోధన మీ పాపలాంటి పిల్లలపైనే జరిగింది. 28 వారాలకు ముందు పుట్టి, నాళం 1.5 మిల్లీమీటర్ల కంటే వెడల్పుగా ఉన్న 273 మందిలో కొందరికి వెంటనే ఐబూప్రోఫెన్ ఇచ్చారు, మిగిలిన వారి విషయంలో వేచి చూశారు. మరణం, తీవ్రమైన పేగుల జబ్బు, ఒక స్థాయికి మించిన దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు, ఈ మూడింటిలో ఏదో ఒకటి వేచి చూసిన వారిలో 46 శాతానికి వస్తే, మందు ఇచ్చిన వారిలో 63 శాతానికి పైగా వచ్చింది. 2024లో బ్రిటన్ నుంచి 653 మంది పిల్లలతో వచ్చిన అధ్యయనంలోనూ తొలి మూడు రోజులలో ఐబూప్రోఫెన్ ఇవ్వడం వల్ల మరణాలు గానీ ఊపిరితిత్తుల జబ్బు గానీ తగ్గలేదు.

ఈ లెక్కలను చూసి పాపకు మొదట మందు ఇవ్వడమే తప్పేమో అని మీరు కంగారు పడవద్దు. ఆ అధ్యయనాలు చెప్పేది, నాళం వెడల్పుగా ఉన్న ప్రతి బిడ్డకూ తొలి రోజులలోనే మందు ఇచ్చేయడం వల్ల మేలు కనబడలేదని. పొర్లు ఎక్కువై నిజంగా కష్టపడుతున్న ఒక ఫలానా బిడ్డకు మందు ఎన్నడూ అక్కరలేదని అవి చెప్పవు. ఆ అధ్యయనాలలో కూడా తర్వాత అవసరం పడిన కొందరికి మందు ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్న విషయంలో ఆసుపత్రికీ ఆసుపత్రికీ పద్ధతి మారుతుంది. అందుకే ఒక డాక్టరు ఇచ్చింది ఇంకొక డాక్టరు వద్దనడం మీకు వినబడుతుంది.

మరొక సంగతి మీకు ధైర్యాన్నిస్తుంది. మందులతో మూయకుండా వదిలిన పిల్లలలో నాళం తనంతట తాను ఎప్పుడు మూసుకుంటుందో గమనించిన ఒక పరిశీలన 2017లో ప్రచురితమైంది. 26, 27 వారాలకు పుట్టిన వారిలో సగం మందికి 13 రోజుల లోపే మూసుకుంది. 26 వారాలు కూడా నిండకుండా పుట్టిన వారికి మాత్రం సగం మందికి మూసుకోవడానికి 71 రోజులు పట్టింది. అన్ని వయసుల వారినీ కలిపి చూస్తే ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళేలోపు 85 శాతం మందికి మూసుకుపోయింది. మీ పాపకు ఇప్పుడు పది రోజులే.

మీరు పంపిన రిపోర్టులను పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగో రోజు రిపోర్టులో నాళం వెడల్పు 2.2 మిల్లీమీటర్లు, దాని కింద ఎల్‌ఏ ఏఓ నిష్పత్తి 1.7 అని ఉంది. గుండె ఎడమ పై గది వెడల్పును బృహద్ధమని వెడల్పుతో పోల్చిన అంకె అది. ఊపిరితిత్తులలోకి అదనంగా పోయిన రక్తం తిరిగి ఆ గదిలోకే వస్తుంది కాబట్టి, పొర్లు ఎక్కువైతే గది ఉబ్బుతుంది, అంకె పెరుగుతుంది. సుమారు 1.5 దాటితే పొర్లు లెక్కలోకి తీసుకోదగినంత ఉందని భావిస్తారు. ఎనిమిదో రోజు రిపోర్టులో వెడల్పు 1.6కు, ఆ నిష్పత్తి 1.3కు దిగాయి. దిగువ బృహద్ధమనిలో రక్తం వెనక్కి మళ్ళడం మొదటి రిపోర్టులో ఉంది, రెండో దానిలో లేదని రాశారు. అంటే నాళం పూర్తిగా మూసుకోకపోయినా పేగులకూ మూత్రపిండాలకూ వెళ్ళే రక్తాన్ని అది ఇప్పుడు లాక్కోవడం లేదు. నా దృష్టిలో ఆ రిపోర్టులోని అన్నింటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. ఈ దశలో ఐబూప్రోఫెన్ మొదలుపెడితే కలిగే లాభం కన్నా మూత్రపిండాలకూ పేగులకూ ఉన్న ముప్పే ఎక్కువని మీ వైద్యులు అనుకుని ఉంటారు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

డబ్బు మిగుల్చుకోవడానికి మందు ఆపారేమో అన్న అనుమానం మీ ఉత్తరంలో పైకి చెప్పకపోయినా తొంగి చూస్తోంది. ఈ మందుల ధర చాలా తక్కువ. ఖర్చంతా ఎన్‌ఐసీయూలో గడిచే రోజులకే అవుతుంది.

వేచి చూడటమంటే ఏమీ చేయకపోవడం కాదు. ఆ వారం రోజులలో ద్రవాలను అవసరానికి మించి ఎక్కించకుండా కొలిచి ఇస్తారు. ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ యంత్రంలో ఆ ఒత్తిడిని ఊపిరితిత్తులు తడవకుండా సరిచేస్తారు. రక్తం తగ్గితే ఎక్కిస్తారు. నర్సు ప్రతిసారీ డైపరును తూచి రాసుకుంటుంది, ఎందుకంటే తడిసిన డైపరు బరువులోంచి పొడి డైపరు బరువు తీసేస్తే వచ్చేదే మూత్రం లెక్క. గంటకు కిలోకు ఒక మిల్లీలీటరుకు తగ్గకూడదు. మీ పాపకు రోజంతా కలిపి సుమారు ఐదు చిన్న చెంచాలన్నమాట. అంత చిన్న లెక్కలోనే మూత్రపిండాల స్థితి తెలిసిపోతుంది. తల్లిపాలు గొట్టం ద్వారా కొద్దికొద్దిగా ఇస్తుంటే దాన్ని ఆపకుండా కొనసాగించడం పేగుల రక్షణకు ఏ మందుకన్నా తక్కువ కాదు.

మీరు ఫోనులో మాట్లాడేటప్పుడు నాళం మూసుకుందా లేదా అని మాత్రమే అడగకండి. సీపాప్‌లో ఆక్సిజన్ శాతం నిన్నటికన్నా పెరిగిందా, ఊపిరి ఆగిపోతున్న సందర్భాలు ఎక్కువయ్యాయా, బీపీలో కింది అంకె బాగా పడిపోతోందా, పాలు అరుగుతున్నాయా లేక పొట్ట ఉబ్బుతోందా, మూత్రం, క్రియాటినిన్ ఎలా ఉన్నాయి అని అడగండి. ఇవి బాగుంటే నాళం ఇంకొన్నాళ్ళు తెరిచి ఉన్నా భయపడనవసరం లేదు. ఇవి చెడుతూ, ఎకోలో పొర్లు మళ్ళీ పెరిగితే, వైద్యులే రెండో విడత పారాసిటమాల్ గానీ ఐబూప్రోఫెన్ గానీ ఇచ్చే విషయం మాట్లాడతారు. అప్పుడు మీరు ఒక్క ప్రశ్న తప్పక అడగాలి: పాపకు ఊపిరితిత్తుల కోసం గానీ బీపీ కోసం గానీ స్టెరాయిడ్లు ఇస్తున్నారా అని. స్టెరాయిడ్లనూ ఇండోమెథాసిన్, ఐబూప్రోఫెన్ వంటి మందులనూ ఒకేసారి ఇస్తే పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది కాబట్టి రెంటినీ కలపరు. అడిగితే వైద్యులు నొచ్చుకోరు.

ఆపరేషన్ కోసం పాపను ఇప్పుడు ఊరు మార్చవద్దు. కిలో కూడా లేని బిడ్డను అంబులెన్సులో గంటల తరబడి తిప్పడం నాళం కన్నా ఎక్కువ ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. ఛాతీ తెరిచి నాళాన్ని ముడి వేసే శస్త్రచికిత్సలో స్వరపేటిక నరం దెబ్బతినడం వంటి ఇబ్బందులు ఉన్నాయి గనుక దాన్ని ఇప్పుడు మందులు పనిచేయక, వెంటిలేటర్ నుంచి బయటకు రాలేని పిల్లలకే పరిమితం చేశారు. తొడ రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి చిన్న పరికరంతో నాళాన్ని మూసే పద్ధతి కూడా ఉంది. 700 గ్రాములు, అంతకుమించి బరువున్న శిశువులకు వాడే పరికరానికి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. అయితే అంత చిన్న పిల్లలకు అది చేయగల నిపుణులు కొద్ది చోట్లే ఉంటారు. మీ పాపకు ఆ అవసరం ఇప్పుడు కనబడటం లేదు.

మీ భార్య విషయం. దయచేసి మీ అమ్మగారికి మీరే ఫోను చేసి చెప్పండి. గర్భంతో ఉండగా తలనొప్పికి వేసుకున్న పారాసిటమాల్ వల్ల ఈ నాళం తెరుచుకుని ఉండలేదు. 27 వారాలకే పుట్టడం వల్ల తెరుచుకుని ఉంది. అంత తొందరగా పుట్టడానికి కారణం ఆమెకు వచ్చిన బీపీ. ఆ బీపీ ఆమె చేతిలో లేదు. ఆ స్థితిలో ఆపరేషన్ చేయకపోతే ఇద్దరి ప్రాణాలకూ ముప్పు ఉండేది. ఇప్పుడు ఆమె రోజుకు ఎనిమిది సార్లయినా పాలు పిండాలి, పాప నిలకడగా ఉన్నప్పుడు రొమ్ముకు ఆనించుకుని కంగారూ పద్ధతిలో కూర్చోవాలి. నింద మోస్తూ, కన్నీళ్ళు పెట్టుకుంటూ ఆ పనులు చేయడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు. ఆమెకు నిద్ర, వేళకు తిండి, బీపీ మాత్రలు అందేలా చూడమని ఇంట్లో ఎవరో ఒకరికి బాధ్యత అప్పగించండి.

పాప ఇంటికి వచ్చే రోజుకు నాళం ఇంకా కొంచెం తెరిచే ఉన్నా అది అరుదైన సంగతి కాదు. చాలామందికి ఆ తర్వాతి నెలల్లో మూసుకుంటుంది. డిశ్చార్జి కాగితాలతో పాటు చివరి ఎకో రిపోర్టును తప్పక తీసుకోమని చెప్పండి. పిల్లల గుండె వైద్యుడికి ఎప్పుడు చూపించాలో ఆ కాగితం మీదే రాయించుకోండి. పాలు తాగుతూ నుదుటిపై చెమట పట్టడం, ఊపిరి వేగంగా తీసుకోవడం, పాలు మధ్యలో వదిలేసి అలసిపోవడం, వారం గడిచినా బరువు పెరగకపోవడం కనిపిస్తే ఆ తేదీ దాకా ఆగకుండా వెంటనే చూపించాలి. అప్పటికి కూడా నాళం మూసుకోకపోతే మందులతో ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఈ మందులు పుట్టిన తొలి వారాలలోనే పనిచేస్తాయి. పాప కొన్ని కిలోల బరువు పెరిగాక గొట్టం ద్వారా పరికరంతో మూసే పద్ధతి అప్పుడు ఇప్పటికన్నా చాలా సులభంగా, మరిన్ని ఆసుపత్రులలో జరుగుతుంది.